లవ్ ఎంత, సస్పెన్స్ ఎంత? చిన్న ఊరి కథలో బ్యాలెన్స్ ఎలా వస్తుంది

ఈ రోజు ఎపిసోడ్ కథలు రాసేవాళ్ళ కోసం. రాయకపోయినా పర్లేదు, రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో ఒక సీరియల్ ఎపిసోడ్ చదివే అలవాటు ఉంటే చాలు, ఇది మీ కోసం కూడా.

ఒక టైప్ కథ మనందరికీ తెలుసు. చిన్న ఊరు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఊళ్ళో ఒక నేరం జరుగుతుంది. ఒకవైపు వాళ్ళ ప్రేమ, ఇంకోవైపు ఆ నేరం ఎవరు చేశారన్న టెన్షన్. దీన్నే రొమాంటిక్ సస్పెన్స్ అంటారు. ఇలాంటి కథ రాయడం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ వచ్చే డౌట్ ఒకటే: రొమాన్స్ ఎంత ఉండాలి, యాక్షన్ ఎంత ఉండాలి? ఫిఫ్టీ ఫిఫ్టీనా? ఒక చాప్టర్ లవ్, ఒక చాప్టర్ ఛేజింగా?

అలా కొలిచి రాస్తే ఏమవుతుందో మీరు చాలాసార్లు చూసే ఉంటారు. ఫైట్ మాంచి ఊపులో ఉండగా కథ ఆగిపోయి హీరో హీరోయిన్లు చెరువు గట్టు మీద కూర్చుంటారు. మీ వేలు ఆటోమేటిక్‌గా స్క్రీన్‌ని పైకి తోసేస్తుంది. లేదంటే ప్రేమ కథలో బాగా మునిగిపోయిన టైమ్‌లో సడన్‌గా ఒక జీపు వచ్చి నలుగురు రౌడీలు దిగుతారు. అది వేరే కథలోంచి తప్పిపోయి వచ్చిన జీపులా ఉంటుంది.

నేను కొన్నేళ్ళు కోడ్ రాసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన భాషలో చెప్తాను. ఒక ప్రోగ్రామ్‌లో రెండు థ్రెడ్స్ నడుస్తున్నాయి అనుకోండి. ఒకదానికి ఇంకోదానితో సంబంధం లేకపోతే ఒకటి ఆగినా రెండోదానికి ఏమీ కాదు. అదే, రెండూ ఒకే వేరియబుల్‌ని వాడుతున్నాయనుకోండి. ఒకటి దాని విలువ మార్చగానే రెండోదాని పరిస్థితి మారిపోతుంది. మన కథలో కూడా లవ్ ట్రాక్, క్రైమ్ ట్రాక్ రెండూ పట్టుకుని లాగే ఒక వేరియబుల్ ఉండాలి. దాని పేరు నమ్మకం.

ప్రేమ కథలో అసలు ప్రశ్న ఏంటి? ఇతన్ని నమ్మొచ్చా? సస్పెన్స్ కథలో అసలు ప్రశ్న ఏంటి? ఇది ఎవరు చేశారు? అంటే, ఈ ఊళ్ళో ఎవర్ని నమ్మొచ్చు? చూశారా, రెండూ దాదాపు ఒకటే ప్రశ్న. ఈ రెండింటినీ నిజంగానే ఒకే ప్రశ్నగా మార్చగలిగితే శాతాలు లెక్కపెట్టే పని ఉండదు. ఈ రోజు చెప్పబోయేది మొత్తం ఇదే.

దీనికి నేను తీసుకుంటున్న ఉదాహరణ ‘జమైకా ఇన్’. డాఫ్నే డ్యూ మారియే అనే ఇంగ్లీష్ రచయిత్రి 1936లో రాసిన నవల. ఆవిడే 1938లో ‘రెబెకా’ రాశారు. ఈ రెండు నవలల్నీ హిచ్‌కాక్ సినిమాలుగా తీశాడు. స్పాయిలర్ అలర్ట్ కూడా ఇక్కడే చెప్పేస్తున్నా. నవల వచ్చి 80 ఏళ్ళు దాటిపోయింది, అయినా చదివేటప్పుడు ఆ థ్రిల్ కావాలనుకుంటే ఇక్కడ ఆపి, చదివాక రండి.

కథ జరిగేది ఇంగ్లండ్‌కి నైరుతి మూలన ఉండే కార్న్‌వాల్‌లో, 1800ల తొలి రోజుల్లో. బోడ్మిన్ మూర్ అని ఒక పెద్ద బీడు ప్రాంతం ఉంది. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ, పొగమంచు దిగితే దారి కనపడదు. దాని మధ్యలో రోడ్డు పక్కన ఒక సత్రం. ఆ సత్రం నిజంగానే ఉంది, ఇప్పటికీ ఉంది. 1930లో రచయిత్రి అక్కడ దిగినప్పుడు, ఫ్రెండ్‌తో కలిసి గుర్రాల మీద వెళ్ళి ఆ మూర్‌లో దారి తప్పారు. ఆ అనుభవం తర్వాత పుట్టిన నవల ఇది.

హీరోయిన్ పేరు మేరీ. 23 ఏళ్ళు. తల్లి చనిపోతూ, పిన్ని పేషన్స్ దగ్గరికి వెళ్ళమని మాట తీసుకుంటుంది. పిన్ని అంటే మేరీకి గుర్తున్నది నవ్వుతూ, మంచి బట్టలేసుకుని, చలాకీగా ఉండే మనిషి. తీరా వెళ్ళి చూస్తే, మొగుడి అడుగుల చప్పుడు వినపడితేనే వణికిపోయే మనిషి కనిపిస్తుంది. ఆ మొగుడు జాస్ మెర్లిన్, సత్రం యజమాని. సత్రానికి ప్రయాణికులెవరూ రారు. రాత్రిళ్ళు మాత్రం బళ్ళు వస్తాయి, సరుకు దిగుతుంది. ముందు స్మగ్లింగ్ అనుకుంటాం. తర్వాత తెలిసేది ఇంకా ఘోరం. ఒడ్డు మీద దొంగ దీపం పెట్టి, ఓడల్ని రాళ్ళ మీదకి రప్పించి, బతికి ఈదుకుంటూ వచ్చినవాళ్ళని కూడా చంపి దోచుకునే ముఠా అది.

ఇప్పుడు లవ్ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో చూడండి. జాస్‌కి ఒక తమ్ముడున్నాడు, జెమ్. గుర్రాల దొంగ. నవ్విస్తాడు, ధైర్యవంతుడు, మాట సూటిగా ఉంటుంది. మేరీకి నచ్చుతాడు. కానీ అతని మొహంలో అన్న పోలికలు ఉన్నాయి.

ఇక్కడ రచయిత్రి చేసిన పని గమనించండి. జెమ్ మంచివాడా చెడ్డవాడా అన్న అనుమానాన్ని ఆవిడ విడిగా, వేరే సీన్లలో పెంచలేదు. పేషన్స్ పిన్నిని ఇంట్లోనే, మేరీ కళ్ళ ముందే పెట్టింది. పిన్ని కూడా ఒకప్పుడు ఒక మెర్లిన్‌ని ప్రేమించే పెళ్ళి చేసుకుంది. అంటే మేరీ జెమ్ వైపు ఒక అడుగు వేసిన ప్రతిసారీ, ఆ దారి చివర ఏముందో వంటింట్లో ఒక మనిషి రూపంలో కనపడుతూనే ఉంది. ఒక్క తుపాకీ పేలకుండానే లవ్ సీన్‌లోకి భయం వచ్చేసింది. ప్రేమ ముదిరేకొద్దీ సస్పెన్స్ తగ్గాలి కదా అనుకుంటాం. ఇక్కడ ప్రేమే సస్పెన్స్‌ని పెంచుతోంది.

ఇంకో సీన్. క్రిస్మస్ ముందు రోజు. జెమ్, మేరీ కలిసి లాన్స్‌టన్ అనే ఊరి సంతకి వెళ్తారు. మన లెక్కలో ఇది పక్కా రొమాన్స్ ఎపిసోడ్. జనం, దుకాణాలు, నవ్వులు. కానీ ఆ సంతలో జెమ్ ఏం చేస్తాడంటే, అంతకుముందు తను కొట్టేసిన గుర్రప్పిల్లని తీసుకెళ్ళి, దాని అసలు ఓనర్ భార్యకే తిరిగి అమ్ముతాడు. మనకి నవ్వొస్తుంది, అదే టైమ్‌లో గుండె దడదడలాడుతుంది. మేరీ పరిస్థితీ అదే. ఇతనితో ఉంటే ఎంత బాగుందో, ఎంత ప్రమాదమో ఒకే సీన్‌లో తెలిసిపోయింది.

తర్వాత సాయంత్రం, వాన. దగ్గరవుతారు. ఈ రాత్రికి ఇక్కడే ఉండిపోదాం అంటాడు. మేరీ ఒప్పుకోదు. సరే, బండి తెస్తానుండు అని వెళ్ళిన జెమ్ తిరిగి రాడు. ఆ రాత్రి ఆమె ఒంటరిగా మిగిలిపోవడం వల్లే బాబాయి ముఠా చేతికి చిక్కుతుంది, సముద్రం ఒడ్డున ఓడని ముంచడం కళ్ళారా చూస్తుంది. నవలలో అతి భయంకరమైన యాక్షన్ సీన్ అదే. దానికి తలుపు తెరిచింది లవ్ సీనే. ఒడ్డున వణుకుతున్నంతసేపూ ఒక ప్రశ్న మన మనసులో తిరుగుతూనే ఉంటుంది: జెమ్ ఎక్కడికి పోయాడు?

ఈ రాత్రిలోంచి లవ్ తీసేస్తే యాక్షన్ జరగదు. యాక్షన్ తీసేస్తే లవ్‌లో ఆ అనుమానం ఉండదు. బ్యాలెన్స్ అంటే నా దృష్టిలో ఇదీ.

చివరికి అసలు సూత్రధారి ఎవరు? మేరీ భయం వేసినప్పుడల్లా వెళ్ళి మనసు విప్పి చెప్పుకున్న చర్చి పాస్టర్. మెత్తగా మాట్లాడే, మర్యాదస్తుడైన మనిషి. దొంగ అని తెలిసిన జెమ్ ఆమెని కాపాడతాడు. అంటే ఎవరు చేశారు అన్న ప్రశ్నకి జవాబు దొరికిన క్షణమే, ఎవర్ని నమ్మాలి అన్న ప్రశ్నకీ జవాబు దొరికింది. రెండు ట్రాక్స్ ఒకే తాళంచెవితో తెరుచుకున్నాయి.

సరే, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన చిన్న ఊళ్ళకి ఈ రకం కథ ఎందుకు బాగా కుదురుతుంది? రెండు కారణాలు చెప్తాను.

ఒకటి, మన ఊళ్ళో ప్రేమికులు దాక్కునే చోట్లు, నేరం దాచే చోట్లు ఒకటే. పాత రైస్ మిల్లు వెనకాల, రేవు చివర, స్కూల్ గ్రౌండ్ గోడ పక్కన. అలాగే ప్రేమని కనిపెట్టే కళ్ళు, నేరానికి సాక్షి అయ్యే కళ్ళు కూడా ఒకటే. అరుగు మీద కూర్చున్న మామ్మ, బడ్డీ కొట్టు బాబాయి, పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు. వీళ్ళు ఒకే రాత్రి రెండు విషయాలు చూసి ఉండొచ్చు. అందులో ఏది బయటికి చెప్తారో మనకి తెలీదు.

రెండు, చిన్న ఊళ్ళో కొట్టిన దెబ్బ అక్కడితో అయిపోదు. సిటీ సినిమాలో హీరో పదిమందిని కొడితే వాళ్ళు మళ్ళీ కనపడరు. మన ఊళ్ళో అయితే, నిన్న రాత్రి దెబ్బలు తిన్నవాడు పొద్దున్నే టీ కొట్టు దగ్గర కట్టు కట్టుకుని కూర్చుంటాడు. వాడు ఎవరికో బావమరిది అవుతాడు. వాడి చెల్లి హీరోయిన్‌కి క్లాస్‌మేట్ అవుతుంది. కాబట్టి చిన్న ఊరి కథలో పది ఫైట్లు అక్కర్లేదు. ఒక్క చెంపదెబ్బ చాలు, దాని ఫలితం ఐదు ఎపిసోడ్లు నడుస్తుంది.

ఇప్పుడు ఒక కథ అల్లి చూద్దాం. ఊరు నిజమైంది, మనుషులు నేను కల్పించినవాళ్ళు.

ఊరు నరసాపురం, పశ్చిమ గోదావరి. వశిష్ఠ గోదావరి ఒడ్డు. అవతల ఒడ్డున సఖినేటిపల్లి. రెండింటి మధ్యా పంటు నడుస్తుంది, దాని మీద మనుషులు, బైకులు, కార్లు అన్నీ నది దాటతాయి. ఊరికి ఇంకో పేరు కూడా ఉంది, లేసుల ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు ఇంటి దగ్గర కూర్చుని లేసు అల్లుతారు. ఏజెంట్లు నూలు ఇచ్చి వెళ్తారు, అల్లిన ముక్కలు పట్టుకెళ్ళి కూలి ఇస్తారు. మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్ట్ 1982లో ఈ ఆడవాళ్ళ పని గురించి ఏకంగా ఒక పుస్తకమే రాశారు. మీ ఊరి కథ రాసేటప్పుడు ఇలాంటిది ఒకటి పట్టుకోండి. ఊరు దేని మీద బతుకుతుందో తెలిస్తే, నేరం ఎందుకు జరుగుతుందో దానంతట అదే తెలుస్తుంది.

కథకి వద్దాం. దుర్గ రేవు రోడ్డులో జిరాక్స్ షాపు చూసుకుంటుంది. వాళ్ళమ్మ లేసు అల్లుతుంది. సతీష్ పంటు మీద టికెట్లు కోస్తాడు. ఇద్దరూ ప్రేమించుకుంటున్నారు, ఇంట్లో తెలీదు. ఒక రాత్రి లేసు ఏజెంట్ మాయమైపోతాడు. అతని దగ్గర నలభైమంది ఆడవాళ్ళ కూలి డబ్బులు ఉన్నాయి. అందులో దుర్గ వాళ్ళమ్మవీ ఉన్నాయి. ఆఖరి పంటు ఎక్కి వెళ్ళిపోయాడని కొందరు, ఎక్కలేదని కొందరు. ఆ ట్రిప్పులో టికెట్లు కోయాల్సింది సతీష్. కానీ అతను ఆ టైమ్‌కి పంటు మీద లేడు.

ఎక్కడున్నాడు? రేవు చివర, దుర్గతో ఉన్నాడు.

ఎస్ఐ గారు అడిగితే సతీష్ నోరు విప్పడు. విప్పితే దుర్గ పేరు ఊరంతా పాకిపోతుంది. విప్పకపోతే అనుమానం తన మీదకి వస్తుంది. చూశారా, అతన్ని కేసులోంచి బయటపడేసే సాక్ష్యం, వాళ్ళ ప్రేమ రహస్యం, రెండూ ఒకటే. ఇక్కడిదాకా వస్తే ఇది మంచి ప్రేమ కథ. కానీ ఇంకా సస్పెన్స్ కాలేదు, ఎందుకంటే అతను నిర్దోషి అని దుర్గకీ తెలుసు, మనకీ తెలుసు.

అందుకే ఒక్క చిన్న మేకు కొడదాం. ఆ రాత్రి మాటల మధ్యలో సతీష్ కి ఫోన్ వచ్చింది. ఇప్పుడే వస్తానని చెప్పి పది నిమిషాలు వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

ఈ పది నిమిషాల గురించి ప్రపంచంలో తెలిసింది ఒక్క దుర్గకే. ఇప్పుడు ఏ సీన్ రాసినా రెండు ట్రాక్స్ కదులుతాయి. దుర్గ షాపులో కూర్చుని ఉంటే పక్కింటి ఆవిడ వస్తుంది. “ఏవమ్మాయ్, మీ అమ్మకి ఎంత రావాలే? ఆ పంటు కుర్రాణ్ణి స్టేషన్‌కి పిలిచారట, విన్నావా?” అంటుంది. దుర్గ జిరాక్స్ తీస్తూ “లేదండీ పిన్నిగారూ, నాకేం తెలీదు” అంటుంది. అంతే సీన్. ఫైట్ లేదు, కిస్ లేదు. కానీ ఆమె అబద్ధం ఆడింది ప్రేమ కోసమా, భయంతోనా అన్నది ఆమెకే క్లియర్‌గా లేదు. ఇంట్లో అమ్మ, పోయిన కూలి లెక్కపెట్టుకుంటూ కూర్చుని ఉంది.

ఆ రాత్రి వాళ్ళిద్దరూ కలుస్తారు. “పది నిమిషాలు ఎక్కడికెళ్ళావ్?” అని అడుగుతుంది. “నన్ను నమ్మవా?” అంటాడు.

ఇక్కడ ఆగుదాం. ఈ ఎపిసోడ్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పాయింట్ ఇదే.

“నన్ను నమ్మవా?” అన్నది మన కథల్లో ఎన్నోసార్లు వాడేసిన డైలాగ్. దాని తర్వాత మామూలుగా ఏం జరుగుతుంది? అమ్మాయి ఏడుస్తుంది, సారీ చెప్తుంది. తర్వాత హీరో ఆమెని విలన్ చేతిలోంచి కాపాడతాడు. అనుమానించినందుకు ఆమె సిగ్గుపడుతుంది. శుభం. ఇలాంటి కథ ఏం నేర్పుతోంది? నిజమైన ప్రేమ ఉంటే ప్రశ్న అడగకూడదు అని. ప్రాణం కాపాడాడు కాబట్టి ప్రేమ ఇచ్చి బాకీ తీర్చుకోవాలి అని. ఇది చదివేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ అమ్మాయిలు, అబ్బాయిలు. రేపు వాళ్ళ జీవితంలో ఎవరో ఫోన్ లాక్కుని “నన్ను నమ్మవా?” అని అడిగినప్పుడు, ఈ కథ వాళ్ళకి పనికొస్తుందా, వాళ్ళ చేతులు కట్టేస్తుందా?

రొమాంటిక్ సస్పెన్స్ అనే జానర్‌కి ఉన్న అసలు బలం, అమ్మాయి అనుమానానికి విలువ ఇవ్వడం. మేరీ జెమ్‌ని ఇష్టపడుతూనే అనుమానిస్తుంది. రాత్రికి ఉండిపోదాం అంటే వద్దు అంటుంది. అది ప్రేమ తక్కువై కాదు, ఆమెకి కళ్ళున్నాయి కాబట్టి. నవల చివర్లో ఆమె జెమ్‌తో బండెక్కి వెళ్తుంది, అప్పుడు కూడా మన మనసులో పేషన్స్ పిన్ని కనపడుతూనే ఉంటుంది. హంతకుడు దొరికాడు, కానీ ప్రేమలోని రిస్క్ మిగిలే ఉంది. రచయిత్రి ఆ రిస్క్‌ని దాచలేదు.

కాబట్టి మన దుర్గ సారీ చెప్పదు. “నమ్మాలనే అడుగుతున్నా. చెప్పు” అంటుంది. ఈ ఒక్క లైన్‌తో బాధ్యత సతీష్ మీదకి వెళ్ళింది. అతను నిజం చెప్తే ఆ నిజంలో క్రైమ్ గురించి ఒక క్లూ బయటపడుతుంది. చెప్పకపోతే ప్రేమ చీలిపోతుంది. ఎటు తిరిగినా కథ ముందుకే వెళ్తుంది. అతని జవాబు ఏంటో నేను చెప్పను, అది మీరు ఆలోచించండి.

ఇక యాక్షన్ సీన్ల మధ్యలో రొమాన్స్ ఎలా ఇమడాలి అని అడుగుతారు. మనవాళ్ళ సినిమాల్లో దీనికి మంచి పాఠం ‘క్షణక్షణం’. 1991, రామ్ గోపాల్ వర్మ, వెంకటేష్, శ్రీదేవి. చిన్న ఊరి కథ కాదు, కానీ చూడండి. వాళ్ళిద్దరూ పరిగెడుతూనే ఉంటారు. వెనక పోలీసులు, వెనక గ్యాంగ్. ప్రేమ కోసం పరుగు ఆపే టైమ్ లేదు. అతను దొంగ, ఆమె మధ్యతరగతి అమ్మాయి. అడవిలో భయం, ఆకలి, చిన్న చిన్న గొడవలు, వాటిలోనే దగ్గరవుతారు. ప్రమాదంలో మనిషి అసలు రంగు బయటపడుతుంది. దాన్ని చూసే అవకాశం హీరోయిన్‌కి ఇవ్వండి, అదే రొమాన్స్ అవుతుంది.

ఇంకో చిన్న విషయం. యాక్షన్ అయిపోగానే లవ్ సీన్ రాస్తే, ఒంటిని మర్చిపోకండి. కత్తి దాడి తప్పించుకుని వచ్చిన మనిషి చేతులు వణుకుతుంటాయి. నీళ్ళ గ్లాసు సరిగ్గా పట్టుకోలేడు. రెండు మెతుకులు కూడా గొంతు దిగవు. ఆ గ్లాసు పట్టుకోవడానికి ఇంకో చెయ్యి సాయం వస్తే, అది ఏ పాటకన్నా గొప్ప లవ్ సీన్. ఫైట్ తాలూకు బరువు అందులోనే ఉంది.

చివరిగా ప్రాక్టికల్‌గా ఒక టెస్ట్ చెప్తాను. కోడ్ రాసి టెస్ట్ చేయకుండా వదలం కదా, కథ కూడా అంతే. ఫోన్‌లో నోట్స్ యాప్ ఓపెన్ చేయండి. మీ కథలో ప్రతి సీన్‌కి రెండు లైన్లు రాయండి. మొదటి లైన్: ఈ సీన్ తర్వాత ప్రమాదం గురించి కొత్తగా ఏం తెలిసింది? రెండో లైన్: వాళ్ళిద్దరి మధ్య నమ్మకం పెరిగిందా, తగ్గిందా, ఎందుకు?

రెండు లైన్లూ నిండితే ఆ సీన్ పాస్. ఒక్కటే నిండితే పర్లేదు, తర్వాతి సీన్‌లో రెండోది కదలాలి. వరసగా మూడు సీన్లలో ఒకే లైన్ ఖాళీగా ఉంటే, పాఠకుడు జారిపోయేది అక్కడే. రెండూ ఖాళీ అయితే ఎంత అందంగా రాసినా తీసేయండి. నొప్పిగానే ఉంటుంది, తీసేయండి.

ఎపిసోడ్ ఎండింగ్ కూడా ఇలాగే చూసుకోండి. ప్రతిసారీ తలుపు చప్పుడు, చీకట్లో నీడ అంటే నాలుగో ఎపిసోడ్‌కి ఎవరూ భయపడరు. ఒకసారి తడిసిన ప్యాంటుతో ఆపండి. ఒకసారి జవాబు లేని ప్రశ్నతో ఆపండి. రేపు పొద్దున్న బస్సులో మీ పాఠకురాలు యాప్ ఓపెన్ చేసేది హంతకుడి కోసమే అనుకోకండి. సతీష్ నిజం చెప్పాడా లేదా అన్నది ఆమెకి ఇంకా ముఖ్యం.

మీ ఊళ్ళో అందరూ చూసిన రాత్రి, ఎవరూ చెప్పని పది నిమిషాలు ఏంటో వెతకండి. కథ అక్కడ మొదలుపెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, బై.